అంజనం – వెర్షన్ 2

శనివారం సాయంత్రం ఆరయ్యేసరికి మా ఇంట్లో భోజనాల బల్ల మీంచి పళ్ళేలు వెళ్ళిపోయి పాచికలు వస్తాయి. మొత్తం ఐదుగురం. నలుగురం సాఫ్ట్‌వేరు, ఒకడిది ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. మా ఆవిడ దృష్టిలో ఇది "తలలు నెరుస్తున్నవాళ్ళు కూర్చుని అబద్ధాలు చెప్పుకునే కార్యక్రమం". ఏమాటకామాటే చెప్పుకోవాలి, నిర్వచనం బానే ఉంది. ఇల్లు శంషాబాద్ కాబట్టి గాలివాటాన్ని బట్టి కొన్ని వారాలు విమానాలు మా నెత్తి మీంచే దిగుతుంటాయి. అప్పుడు ఎవరి చేతిలో పాచిక ఉంటే వాళ్ళు దాన్ని అలాగే పట్టుకుని ఆగుతారు. చప్పుడు పోయాక మళ్ళీ కథ మొదలు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1974 లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారు చేశారు. బోర్డు ఉండాలనేం లేదు, గెలవడం ఓడడం అంటూ ఉండవు. ఒకడు కథ నడుపుతాడు, వాడు మాస్టరు (ఆ వెట్టిచాకిరీ నాది). మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. వీరుడు, దొంగ, మాంత్రికురాలు, పూజారి ఇలాగన్నమాట. "నేను గోడ దూకుతాను" అని ఆటగాడు అంటే, ఇరవై ముఖాల పాచిక వేసి దూకాడా, పడ్డాడా తేల్చుకుంటాం. చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు చదివినవాళ్ళకి ఈ ఆట కొత్తగా ఏమీ అనిపించదు. రూల్ పుస్తకాల్లో లేని మంత్రాలు మనమే సొంతంగా రాసుకోవచ్చు. దాన్ని హోమ్‌బ్రూ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇంటి ఆవకాయ, కొలతలు ఎవరి చేతివాటం వాళ్ళది.

ఈ టపా అలాంటి ఒక మంత్రం గురించి. అది రాయబోయి నేను ఇంకెక్కడికో పోయాను, ఆ సంగతి కూడా చెప్తాను.

మా కథలో ఒక ఊరి గుళ్ళో అమ్మవారి కిరీటం పోయింది. ఎవరు తీశారో కనిపెట్టాలి. వస్తువు ఎక్కడుందో చెప్పే మంత్రం పుస్తకంలో ఒకటుంది. మావాళ్ళు అది వేశారు, పనిచేయలేదు. ఎందుకంటే మధ్యలో పల్చటి సీసం రేకు అడ్డం ఉన్నా ఆ మంత్రం పారదు, నేను కిరీటాన్ని సీసం పెట్టెలోనే పెట్టాను (మాస్టరుకి ఆమాత్రం దుర్మార్గం లేకపోతే ఆట సాగదు). అప్పుడు మాంత్రికురాలు, ఆఫీసులో టెస్టింగ్ చేస్తుంది లెండి, "అన్నా, ఈ ఇంగ్లీషు మంత్రాలెందుకు? మన దగ్గర సోది ఉంది, గవ్వలున్నయి, చిలక జోస్యం ఉంది. దొంగతనానికైతే అంజనమే కదా. అంజనం రాయి" అంది. మిగతావాళ్ళు బల్ల చరిచారు. సరే, వచ్చే శనివారానికి రాస్తానని మాటిచ్చాను.

మాటివ్వడం తేలికే. భవిష్యత్తో రహస్యమో చెప్పే మంత్రాలు రాయడం ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని. ఫైర్‌బాల్ తీసుకోండి, ఎనిమిది ఆరుముఖాల పాచికలు వేసి కూడితే ఎంత నష్టమో తేలిపోతుంది. శుద్ధ లెక్క. "కిరీటం ఎవరు తీశారు?" అన్నదానికి లెక్క లేదు. చాలాసార్లు మాస్టరుకే తెలియదు, కథ ఇంకా అక్కడిదాకా రాలేదు. టేబుల్లో లేని రికార్డు కోసం క్వెరీ కొట్టినట్టు.

పాతవాళ్ళు దీన్ని ఎలా నెట్టుకొచ్చారో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. ఆగరీ అని ఒక చిన్న మంత్రం ఉంది. రాబోయే అరగంటలో చేయదలచిన పని మంచిదా కాదా అని అడగొచ్చు. జవాబులు నాలుగే: శుభం, అశుభం, రెండూ, ఏదీ కాదు. అంతకు మించి నోరు విప్పదు. నాకు నచ్చింది దాని తర్వాతి వాక్యం. నిద్రపోకుండా అదే మంత్రం మళ్ళీ మళ్ళీ వేస్తే రెండోసారికి 25 శాతం, మూడోసారికి 50 శాతం, అలా పెరుగుతూ పోయే ఒక ప్రమాదం ఉంది. 2014 పుస్తకం ప్రకారం ఆ ప్రమాదం ఏమిటంటే, నోటికొచ్చిన జవాబు రావడం. మాస్టరు పాచిక చాటుగా వేస్తాడు కాబట్టి వచ్చింది నిజం జవాబో కాదో ఆటగాడికి తెలీదు. 2024 లో సవరించిన పుస్తకంలో దీన్ని మార్చారు. ఇప్పుడు నోటికొచ్చిన జవాబు రాదు, అసలు జవాబే రాదు.

చూడ్డానికి చిన్న మార్పు. అప్పుడు నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

నా వెర్షన్ 1 ఇలా రాశాను. కాటుకలో ఆముదం కలిపి తమలపాకు మీద పూయాలి. దీపం పెట్టాలి. పదేళ్ళలోపు పిల్లాడినో పిల్లనో కూర్చోబెట్టి ఆ నల్లటి మెరుపులోకి చూడమనాలి. మంత్రం వేసినవాళ్ళు మూడు ప్రశ్నలు అడగొచ్చు. మూడో ప్రశ్నకి దొంగ మొహం కనబడుతుంది. అంతే. సింపుల్‌గా ఉంది, మనదైన వాసన ఉంది, నాకు నేనే వీపు తట్టుకున్నాను.

తర్వాతి శనివారం ఆట. దొంగ ఎవరో నేనింకా అనుకోలేదు. మంత్రం వేశారు. "వాడికి కాలిన మచ్చ ఉందా?" అని అడిగింది మాంత్రికురాలు. నేను పాచిక వేసి, బాగా పడింది కదా అని, ఉందన్నాను. "వంటవాడే కదా?" అంది. వాళ్ళకి ముందు నుంచీ గుడి వంటవాడి మీదే అనుమానం. నాకూ వేరే ఆలోచన రాలేదు, అవునన్నాను. ఐదు నిమిషాల్లో వంటవాడిని గుంజకి కట్టేశారు. వీరుడు కొరడా తీశాడు. బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. పైన ఒక విమానం వచ్చింది, అందరూ ఆగారు. ఆ చప్పుడులో నాకు మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. "ఈవేళ్టికి చాలు, తలనొప్పిగా ఉంది" అని ఆట ఆపేశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఎండాకాలం సెలవులకి పాలమూరు వైపు పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. ఓ రోజు పెద్దమ్మ రెండు తులాల గొలుసు కనబడలేదు. పొద్దుట్నుంచీ ఇంట్లో ఒకటే మాట, జీతగాడి మీద. అతను దొడ్లో పని చేసేవాడు, నాకు ఈతచెట్టు ఎక్కడం నేర్పించాడు, ఎప్పుడూ మెడలో ఎర్ర తువ్వాల ఉండేది. పేరు రాయను.

సాయంత్రం అంజనం వేసే ఆయన్ని పిలిపించారు. ఇంట్లో పదేళ్ళలోపు వాణ్ణి నేనొక్కణ్ణే. స్నానం చేయించి, కొత్త లాగు తొడిగి, దీపం ముందు కూర్చోబెట్టారు. తమలపాకులో నల్లగా నూనె, అందులో దీపం వెలుగు. ఇంకేం లేదు.

"ఎవరన్న ఊడుస్తున్నరా బిడ్డా?" అన్నాడాయన. నేను మాట్లాడలేదు. "మంచిగ సూడు. ఊడుస్తున్నరు గద?" ఊఁ అన్నాను. "ఇగ నీళ్ళు చల్లుతున్నరు. కుర్చీ ఏస్తున్నరు. అవునా?" ఊఁ. "సామి వచ్చి కూసున్నడా?" ఊఁ. చుట్టూ పదిహేను మంది ఊపిరి బిగబట్టుకుని నన్నే చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళందరూ నా మాట కోసం ఎదురుచూడడం. "గొలుసు తీసినోడు కనవడుతున్నడా? మెడల ఏమున్నది? ఎర్ర తువ్వాల ఉన్నదా?"

ఉన్నది అన్నాను.

అతన్ని కొట్టలేదు. నేను చూస్తుండగా కొట్టలేదు అని చెప్పడం సరైంది. మర్నాటి నుంచి అతను పనిలోకి రాలేదు. ఆ తర్వాత వడ్ల గుమ్మి ఖాళీ చేస్తుంటే అడుగున గొలుసు దొరికిందట. ఆ సంగతి ఇంట్లో నవ్వుతూ చెప్పుకోవడం నేను విన్నాను. అతని దగ్గరికి వెళ్ళి ఎవరైనా చెప్పారా అన్నది మాత్రం ఆ నవ్వుల్లో లేదు. నాకు ఏమీ కనబడలేదని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇంతవరకూ.

మావాళ్ళు కొరడా తీసింది ఒక ఉత్తుత్తి వంటవాడి మీద. నాకు తెలుసు. అయినా అదే స్క్రిప్టు, ఈసారి రాసింది నేను.

ఆ వారమంతా అంజనం గురించి చదివాను. ఇది మన ఒక్కళ్ళ వ్యవహారం కాదు. ఎడ్వర్డ్ లేన్ అనే ఇంగ్లీషాయన 1836 లో ఈజిప్టు ఆచారాల మీద వేసిన పుస్తకంలో కైరోలో తాను చూసిన తతంగం రాశాడు. అక్కడ తమలపాకు లేదు, పిల్లాడి అరచేతిలో సిరా పోస్తారు. పిల్లాడికి మొదట కనబడేది ఏమిటో తెలుసా? ఒక మనిషి ఊడుస్తూ! ఆ తర్వాత జెండాలు, గుడారాలు, సుల్తాను. మన దగ్గర స్వామికి కుర్చీ వేసినట్టే అక్కడ సుల్తానుకి ఏర్పాట్లు. విల్కీ కాలిన్స్ 1868 లో రాసిన "ది మూన్‌స్టోన్" నవలలో కూడా వజ్రం కోసం వచ్చిన భారతీయులు ఒక ఇంగ్లీషు పిల్లాడి అరచేతిలో సిరా పోసి చూపిస్తారు. దేశాలు వేరు, సరంజామా వేరు, పద్ధతి ఒకటే. ముందు ఊఁ కొట్టడం అలవాటు చేస్తారు. ఊడ్చేవాడికి ఊఁ కొట్టిన పిల్లాడు తువ్వాలకి కొట్టడా?

నవ్వకండి, మనం ప్రతి రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగులో చేసేది ఇదే. "ఎప్పటికవుతుంది?" అని అడిగితే నేను ఆలోచించి చెప్తాను. "శుక్రవారానికి అయిపోతుంది కదా?" అని అడిగితే ఊఁ అంటాను. నా తమలపాకులో శుక్రవారం కనబడలేదు. ఎదుటివాళ్ళ మొహంలో కనబడింది.

ఎయిర్‌పోర్టు మిత్రుడికి ఫోన్ చేసి ఈ గోలంతా చెప్పాను (ఈతచెట్టు సంగతి మినహా). వాడు విని, "మేమూ రోజూ అంజనం చూస్తాం గానీ మాది వేరేగా ఉంటది" అన్నాడు. విమానాశ్రయాలకి ఇచ్చే వాతావరణ సూచన ఉంటుంది, టాఫ్ అంటారు. వీఓహెచ్‌ఎస్ అనే కోడుతో మన శంషాబాద్‌కీ వస్తుంది. అందులో ప్రతి మాటకీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది ఉంటుంది. ఉరుము వచ్చే అవకాశం ఉంటే ప్రాబ్ 30 అనో ప్రాబ్ 40 అనో రాస్తారు. ఆ రెండే. 30 శాతం కన్నా తక్కువైతే అసలు రాయరు. 50 దాటితే ప్రాబ్ అని రాయరు, వస్తుందన్నట్టే రాస్తారు. పరిస్థితి మారితే సవరణ పంపుతారు, ఎవరూ సిగ్గుపడరు. అంటే ఎక్కడ నోరు మూసుకోవాలో కూడా రూల్ బుక్‌లో ఉందన్నమాట. ఇంకోటి కూడా చెప్పాడు. విమాన ప్రమాదాల దర్యాప్తుకి ఒక అంతర్జాతీయ నిబంధనావళి ఉంది, అనెక్స్ 13. దాని ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ అలాంటిది జరగకుండా చూడడమే. తప్పెవరిదని తేల్చడం కాదు.

మన సొంత సంప్రదాయంలో కూడా జాగ్రత్త తెలిసిన డిజైన్ ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు రంగం చెప్తారు చూశారా. పచ్చి కుండ మీద నిలబడి చెప్పాలి. ఏడాదికి ఒక్కసారి. అడిగేది ఊరి మొత్తం కోసం, వానలెట్లా, పంటలెట్లా అని. ఫలానా ఇంట్లో గొలుసు ఎవరు తీశారని కాదు. దాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. ఒక మంత్రంగా చూస్తే దాని హద్దులు దానికి ఉన్నాయి. నా వెర్షన్ 1 కి ఏ హద్దూ లేదు.

అసలు బగ్ ఏమిటో అప్పుడు అర్థమైంది. "ఏమీ కనబడట్లేదు" అన్నది నా మంత్రంలో చెల్లే జవాబు కాదు. ఆ రాత్రి దీపం ముందు కూడా కాదు. శూన్యం తిరిగివ్వడానికి వీల్లేని ఫంక్షను చెత్త తిరిగిస్తుంది, అది మనందరికీ తెలిసిందే. ఆ చెత్త అడిగినవాడి అనుమానంలా తయారై వస్తే దాన్ని చెత్త అని పట్టుకునేవాడు ఉండడు. ఆగరీని సవరించినవాళ్ళ లెక్కలు ఏవైనా, నాకు ఆ మార్పు విలువ అక్కడ తెలిసింది. నోటికొచ్చిన జవాబు కన్నా మౌనం మేలు.

ఇదిగో వెర్షన్ 2. ఎవరైనా వాడుకోవచ్చు.

అంజనం. మూడో స్థాయి, జ్యోతిష విభాగం. వేయడానికి పట్టే సమయం పది నిమిషాలు. కావలసినవి కాటుక, ఆముదం, తమలపాకు, వెలిగే దీపం.

ఒకటి. చూసేవారు వేరు, అడిగేవారు వేరు. చూసేవారు తమంతట ఒప్పుకోవాలి, సంగతేమిటో ముందు తెలిసి ఉండకూడదు. ఆ పాత్ర ఆడేవాళ్ళు కాసేపు బాల్కనీలోకి వెళ్ళి విమానాలు చూసి రావాలి.

రెండు. మంత్రానికి ముందు అడిగేవారు తమ అనుమానం ఒక చీటీ మీద రాసి, మడిచి, మాస్టరుకి ఇవ్వాలి.

మూడు. మూడు ప్రశ్నలు. గత ఏడు రోజుల్లో జరిగినవాటి గురించే. చోట్లు, వస్తువులు, చప్పుళ్ళు తెలుస్తాయి. బతికున్నవాళ్ళ మొహాలు కనబడవు, పేర్లు వినబడవు.

నాలుగు. "ఏం కనబడుతోంది?" లాంటి ప్రశ్నకి ప్రమాదం లేదు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న అడిగిన ప్రతిసారీ మాస్టరు చాటుగా ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. అలాంటి మొదటి ప్రశ్నకి 5 లోపు, రెండోదానికి 10 లోపు, మూడోదానికి 15 లోపు పడితే, అక్కణ్ణుంచి కనబడేదంతా చీటీలో ఉన్న అనుమానానికి తగ్గట్టే ఉంటుంది.

ఐదు. చూసేవారు ఎప్పుడైనా "ఏమీ కనబడట్లేదు" అనొచ్చు. అంటే మంత్రం ఆగిపోతుంది. ఖర్చయిన శక్తి వెనక్కి వస్తుంది. ఎవరూ ఏమీ అనకూడదు.

ఆరు. అంజనాన్ని నమ్మి తప్పు మనిషిని పట్టుకుంటే, అడిగినవారూ చూసినవారూ ఆ మనిషి దగ్గరికి స్వయంగా వెళ్ళి ఆ మాట చెప్పాలి. అప్పటిదాకా వాళ్ళిద్దరికీ మంత్రం పనిచేయదు.

లెక్కలిష్టులకి: మూడూ ఊఁ కొట్టించే ప్రశ్నలే అయితే నిజం చివరిదాకా బతికే అవకాశం 0.75 × 0.5 × 0.25, అంటే దాదాపు 9.4 శాతం. అలాంటి ప్రశ్న ఒక్కటే వేస్తే 75. ఒక్కటీ వేయకపోతే ఢోకా లేదు, కాకపోతే కనబడిందేమిటో అర్థం చేసుకునే కష్టం మనది.

పోయిన శనివారం ఆడి చూశాం. కథని కాస్త వెనక్కి తిప్పి, వంటవాడి కట్లు విప్పించాను. మా దొంగ పాత్రధారి చూడ్డానికి ఒప్పుకుని బాల్కనీలోకి వెళ్ళొచ్చాడు. మాంత్రికురాలు చీటీ రాసింది. మొదటి ప్రశ్న పద్ధతిగా, ఏం కనబడుతోందని అడిగింది. తడి నేల, గంట తాడు అని చెప్పాడు. రెండో ప్రశ్నకి ఆగలేక "వంటింట్లోనే కదా?" అనేసింది. అన్నాక తనే నాలిక కరుచుకుంది. నేను పాచిక వేశాను. వాడికి తోచక నా మొహం చూశాడు, నేను కిటికీ వైపు చూశాను. కాసేపాగి "ఏమీ కనబడట్లేదు" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఉసూరుమన్నారు గానీ ఎవరూ ఏమీ అనలేదు, రూలు కదా. కిరీటం ఇంకా దొరకలేదు. ఇప్పుడు మావాళ్ళు గుడి మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడతో, గంట కొట్టే కుర్రాడితో మాట్లాడుతూ తిరుగుతున్నారు. ఆట నెమ్మదించింది, ఒప్పుకుంటాను. బావుంది కూడా.

ఆట అయ్యాక వంటవాడి సంగతేంటని వీరుడు అడిగాడు. ఆరో రూలు చదివి వినిపించాను. అయితే వచ్చే వారం ముందు అదే, అన్నారు.

ఆరో రూలు రాసినప్పుడే నాకు తెలుసు అది ఎవరి కోసమో. ఆదివారం పెద్దమ్మకి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక ఆ జీతగాడు ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. కాసేపు ఆవిడేం మాట్లాడలేదు. "ఇప్పుడెందుకురా అవన్ని" అంది. నాకు ఆ రోజు ఏమీ కనబడలేదు పెద్దమ్మా, అన్నాను. మళ్ళీ మౌనం. తర్వాత, ఊళ్ళోనే ఉన్నాడనీ, కంటిచూపు తగ్గిందనీ, కొడుకు దగ్గర ఉంటున్నాడనీ చెప్పింది. వాళ్ళ ఇల్లు ఏ వాడలోనో కూడా చెప్పింది.

మా ఇంటి నుంచి బెంగళూరు హైవే ఎక్కితే పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. వచ్చే శనివారం ఆట సాయంత్రమే కాబట్టి టైముంది. ఏం చెప్పాలో ఇంకా తెలీదు. మొదటి వాక్యం మాత్రం రాసి పెట్టుకున్నాను.

మంత్రాన్ని మీ బల్ల దగ్గర ఆడి చూడండి. ఎక్కడ విరిగిందో చెప్తే వెర్షన్ 3 లో సరిచేస్తాను. ఐదో రూలు, ఆరో రూలు మాత్రం మార్చను.